మా గోడ మీద మమ్మల్ని అడగకుండా పార్టీ గుర్తు వేశారు. ఎవరికి చెప్పాలి?

కావ్య
2024 ఏప్రిల్ 27

అందరికీ నమస్తే. ఇక్కడ ఎన్నికల డ్యూటీలు చేసినవాళ్లు, రూల్స్ తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కొంచెం పెద్దగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. సంవత్సరీకం అయ్యేదాకా ఆగి, ఈ మార్చిలోనే ప్రహరీ గోడకు వెల్ల వేయించాం. గేటు పక్కన నాన్న తన చేత్తో నీలి రంగుతో రాసిన ఒక లైను ఉండేది: "ఇచట ప్రకటనలు రాయరాదు". వెల్ల వేసే అబ్బాయి దాన్ని చెరపబోతే అమ్మ దగ్గరుండి దాని చుట్టూ బ్రష్ తిప్పించింది.

మొన్న గురువారం తెల్లారి లేచి చూసేసరికి గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక పార్టీ గుర్తు, అభ్యర్థి పేరు. నాన్న రాసిన లైను మీదుగానే వేసేశారు. ఎవరూ అడగలేదు, కనీసం తలుపు కూడా కొట్టలేదు.

ఎదురింటివాళ్లు వేరే పార్టీ. "మీరూ అటే వెళ్లారా వదినా" అని ఆవిడ ఒక్క మాట అని లోపలికి వెళ్లిపోయిందట. అప్పటి నుంచి పలకరింపు లేదు. మా అమ్మ ఇన్నేళ్లలో తన ఓటు ఎవరికో నాన్నకు కూడా చెప్పలేదు. ఆ మనిషి గోడ ఇప్పుడు ఊరందరికీ ఏదో చెప్తున్నట్టు ఉంది. ఫోన్లో ఏడ్చింది. నేను వెంటనే చెరిపించేద్దామంటే, "వద్దమ్మా, ఒంటరిదాన్ని, గొడవ అవుతుంది" అంటోంది.

ఇంకో విషయం. ఇదే వారంలో గేట్లోంచి ఒక కరపత్రం పడేసి వెళ్లారు. ఇంకో అభ్యర్థి ఇంటి విషయాలు, ఆయన కూతురి పెళ్లి గురించి చాలా నీచంగా రాసి ఉంది. కింద ఎవరి పేరూ లేదు. ఇవి కాక రోజుకు ఏడెనిమిది రికార్డెడ్ వాయిస్ కాల్స్. మే 13న పోలింగ్. ఇవన్నీ చివరి దాకా ఇలాగే ఉంటాయా, ఏదో ఒక రోజున ఆగాలని రూల్ ఉందా? పోయినసారి పోలింగ్ రోజు పేపర్లో కూడా ఫుల్ పేజీ ప్రకటనలు చూసినట్టు గుర్తు.

పార్టీ పేరు చెప్పను, దయచేసి అడగకండి. ఏ పార్టీ అయినా నా బాధ ఇదే.


పాత ప్రెస్ సత్యం
2024 ఏప్రిల్ 27

కావ్యమ్మా, నేను ముప్పై ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్ నడిపినవాణ్ణి. కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మిషన్‌తో మొదలుపెట్టి, ఆఫ్‌సెట్‌తో ముగించాను. 1989 నుంచి 2019 దాకా ప్రతి ఎన్నికకూ పనిచేశాను కాబట్టి ఇవన్నీ చేతుల మీదుగా తెలిసినవే.

ముందు గోడ సంగతి. మీరు భయపడాల్సిన పని లేదు. ప్రైవేటు ఇంటి గోడ మీద రాయాలంటే యజమాని ఇష్టపూర్వకంగా, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితాల నకళ్లు అభ్యర్థి మూడు రోజుల్లో రిటర్నింగ్ అధికారికి, అంటే నియోజకవర్గంలో ఎన్నిక నడిపించే అధికారికి, ఇవ్వాలి. అదీ ఆ చోటి చట్టం గోడ రాతలకు ఒప్పుకుంటేనే. మనకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే, 1997లో, బహిరంగ ప్రదేశాలు పాడు చేయకూడదని ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఇక షెడ్యూల్ వచ్చాక అనుమతి లేని రాతలు, పోస్టర్లు ప్రభుత్వ ఆస్తుల మీద 24 గంటల్లో, బస్టాండ్లు, స్తంభాలు, వంతెనల లాంటి చోట్ల 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీద 72 గంటల్లో తీయించాలి. ఈసారి ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది. మీ గోడ మీద రాసింది కోడ్ వచ్చిన నలభై రోజులకు. అంటే తెలిసే చేశారు.

చెరిపేముందు ఫోటో తీయండి. సి-విజిల్ అని ఎన్నికల సంఘం యాప్ ఉంది. అందులో అప్పటికప్పుడు కెమెరాతో తీసిందే పంపగలం, గ్యాలరీలోది కుదరదు, కాబట్టి అమ్మగారి దగ్గర ఉన్న ఎవరైనా పిల్లలతో గోడ ముందు నిలబడి తీయించండి. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. అలా పంపితే ఫిర్యాదు ఎంత దాకా వచ్చిందో మీకు కనిపించదు, అంతే తేడా. 100 నిమిషాల్లో తేల్చాలని పెట్టుకున్నారు. ఫ్లయింగ్ స్క్వాడ్ అనే తనిఖీ బృందం వస్తుంది. వాళ్లే చెరిపిస్తారు, ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుంది. అమ్మగారు ఎవరితోనూ మాట పడక్కర్లేదు.

మా కాలంలో గోడలు ఎలా ఉండేవో చెప్తే మీరు నమ్మరు. 89లో ఎన్నికలు ఇంకా చాలా నెలలు ఉండగానే గోడ మూలన చిన్నగా పార్టీ పేరు రాసి పక్కన "బుక్‌డ్" అని పెట్టేవాళ్లు. జాజు ఒకరిది, నీలిమందు ఒకరిది. ఇంటివాళ్లను అడగడం అనే ఆలోచనే ఎవరికీ లేదు. శేషన్ గారు ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చాక, 94 ఎన్నికల నాటికి పెయింటర్లే భయపడి రంగు డబ్బాలు ఇంట్లో దాచేశారు. అప్పుడు నాకు గిట్టలేదు, పని పోయిందని. ఇప్పుడు మీ అమ్మగారి సంగతి చదువుతుంటే అర్థమవుతోంది.

ఇక కరపత్రం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. నా మనసులో పాతికేళ్లుగా ఉన్న విషయం.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 127ఎ అని ఒక సెక్షన్ ఉంది. ఎన్నికల కరపత్రం గానీ పోస్టర్ గానీ ఏదైనా సరే, దాని మీద ప్రింటర్ పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా కనిపించేలా ఉండాలి. మీటింగు ఫలానా రోజు ఫలానా చోట అని మాత్రమే చెప్పే నోటీసుకు ఇది వర్తించదు. అచ్చు వేయించుకోవడానికి వచ్చిన మనిషి డిక్లరేషన్ మీద సంతకం చేసి రెండు కాపీలు ఇవ్వాలి. ఆ మనిషి తమకు స్వయంగా తెలుసని ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ప్రెస్‌వాడు అచ్చయిన కాగితాలు, డిక్లరేషన్, ఎన్ని కాపీలు వేశాడో, ఎంత తీసుకున్నాడో రాసి మూడు రోజుల్లో కలెక్టరుకు పంపాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

చాలామంది ప్రెస్‌వాళ్లు దీన్ని కాగితాల గోల అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

1999 సెప్టెంబర్ ఎన్నికలు. మాది అప్పటికి ట్రెడిలే, సీసం అక్షరాలు. పోలింగ్‌కు మూడు రోజుల ముందు రాత్రి పదిన్నరకు ఒకతను వచ్చాడు. చేత్తో రాసిన మ్యాటర్ తెచ్చాడు. మూడు వేల కాపీలు, డెమ్మీ ఎనిమిదో సైజు, పసుపు కాగితం. "కింద ప్రెస్ పేరు వద్దు" అన్నాడు. మామూలు రేటుకు రెండింతలు చేతిలో పెట్టాడు. పనివాళ్లకు రెండు వారాల జీతం బాకీ ఉన్నాను. మ్యాటర్ చదివాను. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ ఒక రిటైర్డ్ టీచరమ్మ గురించి. ఆ మాటలు ఇక్కడ రాయను. చదివి కూడా ఒప్పుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

పనివాళ్లు వెళ్లిపోయారు. రోజూ కంపోజింగ్ చేసేది మా ఆవిడే, ఆవిడ నిద్రపోయింది. నేనే స్టిక్ పట్టుకుని, అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి కంపోజ్ చేశాను. మధ్యలో "శ" అక్షరాలు అయిపోయాయి. అక్షరాలు పెట్టే అరల కేసు పక్కన అగ్గిపెట్టెలో ఒకటి కనిపిస్తే తీసి పెట్టేశాను. తెల్లవారుజామున రెండింటికి పని అయింది. అతను కట్టలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం మా ఆవిడ కుళాయి దగ్గర నుంచి వచ్చింది. చేతిలో ఆ పసుపు కాగితం. వీధిలో ఆడవాళ్లందరూ చదువుతున్నారట. నా ముందు పెట్టి ఒక అక్షరం మీద వేలు పెట్టింది. "ఈ శ తలకట్టు విరిగిందని నేను అగ్గిపెట్టెలో పక్కన పెట్టాను. ఎందుకు తీశారు?" అంది. కాగితం మీద ప్రెస్ పేరు లేదు. కానీ ఆవిడకు ఆ విరిగిన తలకట్టు చాలింది. తరవాత రెండు రోజులు నాకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

పోలింగ్ అయ్యాక ఆ టీచరమ్మ ఇంటికి వెళ్లాను. నేనే వేశానని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఎవరు వేయించారు బాబూ?" అని ఒక్కటే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మనిషి ముఖం గుర్తుంది. పేరు తెలీదు, ఊరు తెలీదు. డిక్లరేషన్ తీసుకుని ఉంటే అతని సంతకం, అతన్ని ఎరిగిన ఇద్దరి సంతకాలు నా దగ్గర ఉండేవి. ఆవిడ కోర్టుకు వెళ్లాలన్నా, కనీసం ఎదురుపడి అడగాలన్నా ఒక పేరు ఉండేది. నేను ఆవిడకు ఆ పేరు లేకుండా చేశాను.

ఆ తరవాత డిక్లరేషన్ ఫారం ఫ్రేమ్ కట్టించి కౌంటర్ మీద తగిలించాను. సాక్షులు అనగానే వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో.

అందుకే చెప్తున్నానమ్మా, ఆ కరపత్రం చించకండి. రెండు వైపులా ఫోటో తీసి, అసలు కాగితాన్ని రిటర్నింగ్ అధికారికి ఇవ్వండి.


లెక్చరర్ రామ్
2024 ఏప్రిల్ 28

సత్యం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నమస్కారం.

కావ్య గారికి కాల్స్, టీవీ, పేపర్ల విషయం నేను చెప్తాను. 2019లో మా కలెక్టరేట్‌లో ఎంసీఎంసీ డ్యూటీ చేశాను. మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ అంటారు. ఒక గదిలో నాలుగు టీవీలు, షిఫ్టుల వారీగా లెక్చరర్లం. ఏ చానల్లో ఏ ప్రకటన ఎన్ని సెకన్లు వచ్చిందో రిజిస్టర్లో రాసుకోవాలి. రాత్రి షిఫ్టులో ఒకే పాట పదహారుసార్లు వినాల్సి వచ్చేది.

టీవీ, కేబుల్, రేడియో, సినిమా హాలు, సోషల్ మీడియా, బల్క్ ఎస్సెమ్మెస్, వాయిస్ మెసేజ్, వీటిలో వేసే రాజకీయ ప్రకటనకు ముందుగా సర్టిఫికెట్ తీసుకోవాలి. గుర్తింపు పొందిన, రిజిస్టరైన పార్టీలు, అభ్యర్థులు మూడు రోజుల ముందు, మిగిలినవాళ్లు ఏడు రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. తయారీకి ఎంతయింది, ప్రసారానికి ఎంత ఇస్తున్నారు, ఎన్నిసార్లు వేస్తారు అన్నీ రాయాలి. డబ్బు చెక్కు, డీడీల ద్వారానే చెల్లించాలి. అయితే ఒక మనిషి తన ఫేస్‌బుక్ పేజీలో తన అభిప్రాయం రాసుకుంటే దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. అది ప్రకటన కాదు.

ఈ పద్ధతి పుట్టింది మన హైకోర్టులో వచ్చిన కేసు నుంచే అని చాలామందికి తెలియదు. అంతకుముందు కేబుల్ టీవీ నిబంధనల్లో రాజకీయ ప్రకటనలే పూర్తిగా నిషేధం. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధన చెల్లదంది. అది జెమినీ టీవీ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు మధ్యేమార్గం చెప్పింది: ప్రకటన వేసుకోవచ్చు, ముందు కమిటీ చూడాలి. అదే నెలలో మన దగ్గర అసెంబ్లీ పోలింగ్ కూడా జరిగింది.

ఇక ఎప్పుడు ఆగాలి అంటే, పోలింగ్ ముగిసే గంటకు 48 గంటల ముందు. అదే ప్రజాప్రాతినిధ్య చట్టంలో సెక్షన్ 126. మే 13 సాయంత్రం 6కు పోలింగ్ ముగిసే చోట మే 11 సాయంత్రం 6కు మైకులు ఆగిపోవాలి. సభలు, ర్యాలీలు, టీవీ ప్రకటనలు, బల్క్ మెసేజ్‌లు అన్నీ. ఆ నియోజకవర్గంలో ఓటు లేని బయటి నాయకులు, కార్యకర్తలు వెళ్లిపోవాలి. ఇంటింటికీ నిశ్శబ్దంగా తిరిగి అడగడం మాత్రం కొనసాగుతుంది. తప్పితే రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కాబట్టి మే 11 సాయంత్రం తరవాత మీకు వాయిస్ కాల్ వస్తే అది కచ్చితంగా ఉల్లంఘన. తేదీ, టైము, నంబరు స్క్రీన్‌షాట్ తీసి ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి చెప్పండి.

పేపర్ల సంగతి మీరు సరిగ్గానే గుర్తుపెట్టుకున్నారు. 126లో సినిమా, టీవీ, అలాంటి పరికరాలు అని ఉంది గానీ పత్రికలు లేవు. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో పత్రికలనూ చేర్చమంది, పార్లమెంటు చేయలేదు. ఎన్నికల సంఘం తన అధికారంతో ఒక కట్టడి పెట్టింది: పోలింగ్ రోజు, దాని ముందు రోజు పేపర్లో వేసే ప్రకటనకు కూడా ఎంసీఎంసీ సర్టిఫికెట్ ఉండాలి. అంటే ఈసారి మే 12, 13. ఆఖరి నిమిషంలో అబద్ధం అచ్చయితే అవతలివాళ్లు జవాబు చెప్పుకునే టైము ఉండదు కదా, అందుకు.

నేను ఆ గదిలో కూర్చుని గమనించింది ఒకటి ఉంది. ప్రకటనలు ఎక్కువయ్యాయని జనం మాకు ఫోన్ చేసి విసుక్కునేవారు గానీ, ఫిర్యాదు రాసి ఇచ్చినవాళ్లు చాలా తక్కువ. రాసిచ్చినవి మాత్రం దాదాపు అన్నీ కావ్య గారి లాంటివే. నా ఇల్లు, నా పేరు, నా ఫోటో వాడుకున్నారని. ఒక ముసలాయన తన ఫోటో పథకం లబ్ధిదారుడిగా ఫ్లెక్సీ మీద వేశారని, తనకు ఆ పథకమే రాలేదని చెప్పుకోవడానికి రెండు బస్సులు మారి వచ్చాడు.


రవికిరణ్
2024 ఏప్రిల్ 28

అందరూ పెద్దవాళ్లు, గౌరవంగానే చెప్తున్నాను, నాది వేరే అభిప్రాయం.

కావ్య గారి గోడ విషయంలో వాళ్లు చేసింది తప్పే, అందులో మాట లేదు. కానీ మా బావ 2019లో ఇండిపెండెంట్‌గా నిలబడ్డాడు. అతని ప్రచారం మొత్తం ఒక ఆటో, ఒక మైకు, ఎనిమిది వేల కరపత్రాలు, అడిగి రాయించుకున్న ఇరవై గోడలు. మైకుకు పర్మిషన్, ఆటోకు పర్మిషన్, కరపత్రానికి డిక్లరేషన్, గోడకు కాగితం. నామినేషన్లు అయ్యాక ఉన్నదే రెండు వారాలు, అందులో నాలుగు రోజులు మేము ఆఫీసుల వరండాల్లోనే గడిపాం. పెద్ద పార్టీకి ఈ పనికి లాయర్లు, క్లర్కులు ఉంటారు.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఇప్పుడు 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీ చేసే ఖర్చుకు పరిమితే లేదు. అభ్యర్థి పేరెత్తకుండా పార్టీ తరఫున రోజంతా టీవీలో వేసుకోవచ్చు. గోడ, కరపత్రం, మైకు, ఇవి పేదవాడి ప్రకటనలు. వాటి మీదే ఇన్ని రూల్స్ పెడితే చివరికి జనానికి వినపడేది డబ్బున్న గొంతే. ఎన్నికల ముందు ప్రకటనలంటే జనానికి చిరాకు, నిజమే. కానీ ఆ చిరాకు వల్ల మొదట నోరు మూతపడేది మా బావ లాంటివాళ్లకే.


పాత ప్రెస్ సత్యం
2024 ఏప్రిల్ 29

రవీ, నువ్వు చెప్పిన ఖర్చు మాట నూటికి నూరుపాళ్లు నిజం. పార్టీ ఖర్చుకు హద్దు లేకపోవడం అన్యాయమే. మైకు పర్మిషన్ కోసం నాలుగు రోజులు తిప్పడం కూడా అన్యాయమే.

డిక్లరేషన్ మాత్రం అందులో కలపకు నాయనా. అది మీ బావ నోరు మూయలేదు. మీ బావ తన పేరు పెట్టుకునే కదా కరపత్రం వేయించాడు? ఫారం నింపడానికి పది నిమిషాలు, సాక్షులుగా పక్కనున్న ఇద్దరు స్నేహితులు. దానికి ఫీజు కూడా లేదు. పేరు చెప్పుకుని మాట్లాడేవాడికి అది అడ్డం కాదు. నేను చెప్పిన టీచరమ్మ కూడా మీ బావ లాంటి ఇండిపెండెంటే. ఆవిడ దగ్గర ఒక్క రిక్షా ఉండేది. పేరు లేని మూడు వేల కాగితాలకు జవాబు చెప్పుకోవడానికి ఆవిడకు ఆటో లేదు, టీవీ లేదు, మూడు రోజులే ఉన్నాయి. డబ్బున్నవాడైతే రాత్రికి రాత్రి ఇంకో ఇరవై వేల కాగితాలు వేయించి జవాబు చెప్పేవాడు.

నన్నడిగితే మార్చాల్సింది ఆ 2,000 రూపాయల జరిమానా. దొంగ పనికి ఇచ్చే రేటు ముందు అది ఏపాటిది? ప్రెస్‌వాడు దాన్ని కూడా ఖర్చులో కలిపేసుకుంటాడు.

ఇంకో సంగతి. ఇప్పుడు కాగితం కంటే ఫోన్లో వచ్చేవే ఎక్కువ. నా మనవడు చూపించాడు, గూగుల్, ఫేస్‌బుక్‌లలో డబ్బిచ్చి వేసిన రాజకీయ ప్రకటనకు ఎవరు డబ్బు కట్టారో చూసుకునే చోటు ఉందట. మంచిదే. కానీ మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చే వీడియోకు కింద లైను ఉండదు. ఎవరు మొదలుపెట్టారంటే పంపిన ప్రతివాడూ "నాకు వచ్చింది, పంపాను" అంటాడు. మొన్న మా పక్కింటి డాక్టరు గారే అలాంటిది ఒకటి పంపారు. ఫోన్ చేసి అడిగాను, "ఇది మీరు మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెడతారా డాక్టరుగారూ?" అని. కాసేపు ఆగి, డిలీట్ చేశారు.


కావ్య
2024 మే 2

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెప్తాను.

సోమవారం పక్కింటి అబ్బాయితో సి-విజిల్‌లో ఫోటో పెట్టించాను. పేరు ఇవ్వలేదు. గంటా ఇరవై నిమిషాల్లో జీపు వచ్చింది. వీడియో తీసుకుని, అమ్మను "మీరు అనుమతి ఇచ్చారా" అని అడిగారు. ఇవ్వలేదంది. సాయంత్రానికి ఒక పెయింటర్‌ను తీసుకొచ్చి గోడంతా తెల్ల రంగు కొట్టించారు.

ఆ పెయింటర్ బుధవారం రాత్రి గుర్తు వేసిన అబ్బాయేనట. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. "నాకు గోడకు ఇంతని ఇస్తారమ్మా, అడిగారో లేదో నాకు తెలీదు" అన్నాడట. అమ్మ మజ్జిగ ఇచ్చి, గేటు పక్కన ఏముండేదో చెప్పింది. అతను సంచిలోంచి నీలం డబ్బా తీసి అదే చోట "ఇచట ప్రకటనలు రాయరాదు" అని రాసి వెళ్లాడు. అక్షరాలు చాలా చక్కగా వచ్చాయి. నాన్న రాసినట్టు మాత్రం లేవు. నాన్న "రా" కొంచెం వంకరగా ఉండేది. అమ్మ ఫోటో పంపింది, చూసి నాకు ఏమనాలో తెలియలేదు.

రవికిరణ్ గారూ, మీ బావగారు అడిగి రాయించుకున్నారన్నారు కదా. అలా అడిగి ఉంటే అమ్మ ఏ పార్టీకైనా "వద్దు నాయనా" అనేది, అంతటితో పోయేది. అడగకపోవడమే మాకు తగిలింది. ఎదురింటి పిన్నితో ఇంకా మాటల్లేవు. గోడ తెల్లగా అయింది కదా, ఆవిడే వస్తుందని అమ్మ అంటోంది.

సత్యం బాబాయ్ గారూ, కరపత్రం ఫోటో ఇక్కడ పెట్టడం మర్యాద కాదని, రాసిందంతా కనపడకుండా కింది రెండు లైన్లు మాత్రం దగ్గరగా తీసి మీకు మెసేజ్‌లో పంపాను. మీ ఇంట్లో పిన్నిగారు గుర్తుపట్టినట్టు మీకేమైనా తెలుస్తుందేమోనని. అసలు కాగితం రేపు రిటర్నింగ్ అధికారి ఆఫీసులో ఇస్తాను.


పాత ప్రెస్ సత్యం
2024 మే 2

చూశానమ్మా. భూతద్దం పెట్టి చూశాను, మా ఆవిడకు కూడా చూపించాను. కంప్యూటర్లో కొట్టిన, "అను" అనే పేరున్న తెలుగు ఫాంటు. ప్రతి డీటీపీ సెంటర్లో ఉండేదే. శలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఎక్కడా ఏ అక్షరం విరగలేదు. ఇది ఏ ప్రెస్‌లోనైనా పడి ఉండొచ్చు. మా ఆవిడ చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుని, తల అడ్డంగా ఊపి ఇచ్చేసింది.

రేపు కాగితం ఇచ్చేటప్పుడు ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ పడేశారో తెల్ల కాగితం మీద రాసి జతచేయండి. వీధిలో ఇంకెవరికైనా వచ్చి ఉంటే వాళ్ల కాపీలు కూడా అడిగి తీసుకెళ్లండి. మీరిచ్చినట్టు తేదీ, స్టాంపు వేసిన రసీదు తీసుకోకుండా కౌంటర్ దగ్గర నుంచి కదలకండి. వీలైతే ఆ అభ్యర్థి కూతురికి కూడా ఆ రసీదు నకలు పంపండి. కంప్లయింట్ ఒకటి నమోదై ఉందని ఆ అమ్మాయికి తెలియాలి.